సమాధానం: ల్యాప్‌టాప్‌లో ఫొటోలు సింక్ కావట్లేదు, సి డ్రైవ్ నిండిపోయింది

అన్నిటికంటే ముందు, దయచేసి ఒక్క ఫొటో కూడా డిలీట్ చేయకండి. అరకు, కైలాసగిరి ఫొటోలన్నీ కలిపి 40 జీబీ అన్నారు, వన్‌డ్రైవ్‌లో (ఫైళ్లను నెట్‌లో, అంటే క్లౌడ్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. అంటే అక్కడ చోటు నిండగానే అప్‌లోడ్ ఆగిపోయింది, మిగతావి మీ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. సి డ్రైవ్ ఎర్రగా చూపించడం వేరే సమస్య, రెండూ ఒకటే అనుకుని టెన్షన్ పడుతున్నారు.

మొదట ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి అన్నీ కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. వన్‌డ్రైవ్ ఫోల్డర్లోంచి కట్ చేసి బయట పెడితే క్లౌడ్‌లోంచి కూడా పోతాయి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కాపీ అయ్యాక కొన్ని తెరిచి చూసుకోండి.

తర్వాత వన్‌డ్రైవ్ ఫోల్డర్లో ఫొటోల పక్కనున్న గుర్తులు చూడండి. ఆకుపచ్చ టిక్ ఉన్నవి క్లౌడ్‌కి చేరినవి, వాటిపై రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే నీలం మబ్బు గుర్తు వస్తుంది, సి డ్రైవ్‌లో చోటు దొరుకుతుంది, ఫొటో ఎక్కడికీ పోదు, కాకపోతే తెరవాలంటే నెట్ ఉండాలి. మిగతావాటికి వన్‌డ్రైవ్‌లో ఇంకా స్టోరేజ్ కొనడమో, పెద్ద వీడియోలను డి డ్రైవ్‌కి మార్చడమో మీ ఇష్టం. నేనైతే కొనమనే చెప్తాను. 2014 హుద్‌హుద్ తుఫానులో మా ఇంట్లోకి నీళ్లొచ్చి నాన్నగారి ఆల్బమ్‌లన్నీ తడిసిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. హార్డ్ డిస్క్ కూడా అదే ఇంట్లో ఉంటుంది కదండీ.

కాపీ అయ్యాక గుర్తులు ఏం చూపిస్తున్నాయో ఇక్కడ రాయండి, చూస్తాను.