టెక్ సందేహాలు: జేబులో చాకు, బడ్జెట్ రెండు వేలు

ప్రశ్న: కాకినాడలో బ్రాడ్‌బ్యాండ్ ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోజూ ఎనిమిది, పది ఇళ్లు తిరగాలి. రౌటర్ల అట్టపెట్టెలు కోయడం, కేబుల్ టైలు తెంపడం, టేపు కోయడం నా పని. మధ్యాహ్నం జామకాయ కోసుకోవడానికి కూడా పనికొస్తే మంచిది. ఆన్‌లైన్‌లో 300 నుంచి 8,000 రూపాయల దాకా మడత చాకులు కనిపిస్తున్నాయి. రెండు వేలకు అటూ ఇటూగా ఏది కొనాలి? జేబులో పెట్టుకుని తిరిగితే పోలీసులతో ఇబ్బంది వస్తుందా?

జవాబు: చాకు కొనేటప్పుడు అందరి కళ్లూ బ్లేడు మీదకే పోతాయి. మీరు మాత్రం ముందు లాక్ చూడండి. తెరిచిన బ్లేడు మళ్లీ మీ వేళ్ల మీదకు మడుచుకోకుండా ఆపేది అదే.

ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్న విషయం. కొన్నేళ్ల కింద చవగ్గా వస్తోందని ఒక మడత చాకు తెప్పించాను. నల్లటి బ్లేడు, బరువైన పిడి, చూడ్డానికి చాలా గట్టిగా ఉంది. కొత్త మానిటర్ పెట్టె విప్పుదామని అట్టలోకి మొన గుచ్చాను. లాక్ జారింది. బ్లేడు మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. మూడు కుట్లు పడ్డాయి, పది రోజులు కీబోర్డు మీద ఎడమ చేత్తోనే టైప్ చేశాను.

కట్టు విప్పాక ఆ చాకును టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. అలాంటి చాకుల పిడి లోపల ఒక పల్చటి ఉక్కు రేకు స్ప్రింగులా వంగి ఉంటుంది. దీన్నే లైనర్ లాక్ అంటారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి, బ్లేడు మడమకు, అంటే పిడి లోపల ఉండే దాని వెనక కొసకు, అడ్డంగా నిలబడుతుంది. నా చాకులో ఆ రేకు అంచు మాత్రమే, అదీ గోరుమందం కూడా లేకుండా, మడమను తాకుతోంది. కాస్త ఒత్తిడి పడితే జారిపోక ఏమవుతుంది?

అందుకని ఏ చాకు కొన్నా ఇంటికి రాగానే ఈ పరీక్ష చేయండి. బ్లేడు తెరిచి లైటు కింద పట్టుకోండి. రేకు మందం మొత్తం బ్లేడు మడమ మీద ఆని ఉండాలి. అంచు మాత్రమే ఆనితే తిప్పి పంపేయండి. రేకు అవతలి వైపు పిడిని తాకేదాకా జరిగిపోయినా తీసుకోకండి. అలాంటిది కొత్తలో బాగానే ఉంటుంది గానీ అరిగేకొద్దీ వదులైపోతుంది. తర్వాత, బ్లేడు మడిచే దారిలో వేళ్లు లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు వీపును చెక్కబల్ల అంచుకు ఆనించి నెమ్మదిగా ఒత్తండి. ఏమాత్రం కదలకూడదు. కొన్ని వీడియోల్లో బ్లేడు వీపును బల్లకేసి ఠపీమని కొట్టి చూపిస్తుంటారు. అలా కొడితే మంచి లాక్ కూడా పాడవుతుంది, మీరు చేయొద్దు.

ఇక మీ పనికి నా ఓటు ఒపినెల్ 8వ నంబరుకు. ఆన్‌లైన్‌లో ధర రోజుకో రకంగా ఉంటుంది, కాస్త ఓపిక పడితే మీ బడ్జెట్‌కు దగ్గర్లో దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల దగ్గరి సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారు చేసిన చాకు ఇది. రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. గుండ్రటి చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, మెడ దగ్గర తిరిగే ఒక ఉక్కు రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. బ్లేడు తెరిచి రింగును పక్కకు తిప్పితే ఆ అడ్డు దాటుకుని బ్లేడు మడుచుకోలేదు. లోపల రేకు ఎక్కడ ఆనిందో వెతుక్కునే పని లేదు. రింగు తిరిగిందా లేదా అన్నది కంటికే కనిపిస్తుంది. దీని బ్లేడు కూడా పల్చన. అట్టలోకి సాఫీగా దిగుతుంది, జామకాయను నలపకుండా కోస్తుంది. ఖరీదైన చాకులు చాలావాటిలో బ్లేడు మందంగా ఉండి కాయను కోయడానికి బదులు చీలుస్తుంది.

ఇందులో రెండు రకాలున్నాయి, కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్. పదును సులువుగా వస్తుందని చాలామంది కార్బన్ స్టీలే కొనమంటారు. వాళ్ల మాట నిజమే కానీ మీరుండేది సముద్రం పక్కన. చెమట జేబులో ఒక్క పూట ఉంటే చాలు, మచ్చలు పడతాయి. బ్లేడు మీద ‘ఇనాక్స్’, అంటే స్టెయిన్‌లెస్, అని ముద్ర ఉన్నదే తీసుకోండి. వానాకాలంలో చెక్క పిడి ఉబ్బి బ్లేడు బయటికి రానని మొండికేస్తే కంగారు పడకండి. ముందు రింగు లాక్‌లో లేదని చూసుకోండి. తర్వాత పిడి వెనక కొసను బల్ల అంచు మీద ఒకసారి తట్టండి. బ్లేడు కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు వేళ్లతో లాగొచ్చు.

దీనికి ఒక లోటుంది. తెరవడానికి రెండు చేతులూ కావాలి. నిచ్చెన మీద నిలబడి తెరవడం కుదరదు. అక్కడ అసలు చాకు తీయకండి. కేబుల్ టైకి కటింగ్ ప్లయరే సరైన పనిముట్టు. చాకుతో టై తెంపబోతే చెయ్యి జారి పక్కన కేబుల్ తొడుగు చీరుకుంటుంది, ఆ కంప్లైంట్ మళ్లీ మీకే వస్తుంది. ఫైబర్ తొడుగు తీయడానికి స్ట్రిప్పర్ వాడండి. కరెంటు ఉన్న వైరు దగ్గరికి మాత్రం ఏ మడత చాకూ తీసుకెళ్లొద్దు, ఇలాంటి పిడులు షాక్‌ను ఆపడానికి చేసినవి కావు.

స్టీలు పేర్ల గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఈ ధరలో 12సీ27, 8సీఆర్13ఎంఓవీ, 440సీ అన్న పేర్లలో ఏది కనిపించినా మీ పనికి చాలు. వట్టి ‘440 స్టీల్’ అని రాస్తే అడగండి. 440ఏ, 440బీ, 440సీ వేర్వేరు, పదును ఎక్కువ రోజులు నిలిచేది సీ రకం. ‘సర్జికల్ స్టీల్’ అన్న మాట వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. మూడొందల చాకు మీద అలలు అలలుగా కనిపించే డమాస్కస్ డిజైన్ మామూలు ఉక్కు మీద పైపైన వేసిన గీతలే.

పోలీసుల సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం, బ్లేడు తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ రెండు అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ చాకు మూడున్నర అంగుళాలు కూడా ఉండదు. కానీ బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే రకం కొనకండి. ఢిల్లీలో అలాంటివాటి మీద 1980 నుంచే విడిగా నిషేధం ఉంది. ఊరేగింపులు, ఎన్నికల సభలు, కోర్టు ఆవరణలకు వెళ్లే రోజు ఏ చాకైనా ఇంట్లో పెట్టి వెళ్లండి. మిగతా రోజుల్లో జేబులో కంటే టూల్ బ్యాగులో స్క్రూడ్రైవర్ల పక్కన ఉంటే, ఎవరైనా ఆపి అడిగినా మీ పనేమిటో బ్యాగే చెబుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి బర్మింగ్‌హామ్ వెళ్తున్నాడు. వాళ్ల నాన్నగారి స్విస్ చాకు ఇచ్చి పంపుదామనుకుంటున్నాను. ఏమైనా సమస్యా? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: ముందు అది ఏ సైజుదో చూడండమ్మా. బ్రిటన్‌లో మడత చాకు బ్లేడు పదును మూడు అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకుండా, లాక్ లేకుండా ఉంటే కారణం చెప్పకుండానే జేబులో పెట్టుకోవచ్చు. 1988 నాటి చట్టంలో ఉన్న వెసులుబాటు ఇది. లాక్ ఉంటే చిన్నదైనా ఆ వెసులుబాటు వర్తించదు, సరైన కారణం చూపించాలి. పైన నేను మెచ్చుకున్న ఒపినెల్ అక్కడ జేబులో ఉంటే చిక్కే.

స్విస్ చాకులు చేసే విక్టోరినాక్స్ వాళ్లవి 58, 91 మిల్లీమీటర్ల (ఇది బ్లేడు పొడవు కాదు, మడిచిన చాకు పొడవు) ఎర్ర చాకులు చాలామటుకు లాక్ లేనివే. 111 మిల్లీమీటర్ల పెద్ద రకంలో లాక్ ఉంటుంది. మీ ఇంట్లోది పెద్దదైతే పంపకండి. చిన్నదైతే చెక్‌ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి. హ్యాండ్ బ్యాగులో పెడితే శంషాబాద్‌లోనే తీసేస్తారు, నాన్నగారి గుర్తు అక్కడే పోతుంది. కాలేజీకి, హాస్టల్‌కు సొంత నిబంధనలు ఉండొచ్చు, చేరగానే ఒకసారి అడిగి తెలుసుకోమనండి.

ప్రశ్న: కొన్న ఆరు నెలలకే నా చాకు మొద్దుబారింది. వంటింట్లో కత్తులు దూర్చి లాగే షార్పెనర్ వాడొచ్చా? (వరంగల్)

జవాబు: వాడితే పదును వస్తుంది గానీ ఉక్కు ఊరికే అరిగిపోతుంది. చిన్న బ్లేడుకు అది పెద్ద నష్టం. 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) సానరాయి ఒకటి కొనుక్కోండి, ఏళ్ల తరబడి వస్తుంది. రాయి తడిపి, బ్లేడును ఇరవై డిగ్రీల వాలులో పెట్టి రుద్దాలి. ఆ వాలు అందుకోవడమే కష్టం. దానికో చిట్కా ఉంది. బ్లేడు పదును వెంట మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రెండుసార్లు రాయి మీద లాగి చూడండి. రంగు పైభాగంలో మాత్రమే పోతే బ్లేడును మరీ పడుకోబెట్టారు. పదును అంచున మాత్రమే పోతే మరీ ఎత్తారు. పూసిన మేరా సమంగా పోయిందంటే వాలు కుదిరింది, అక్కడే చెయ్యి నిలపండి. ఒకవైపు రుద్దుతుంటే రెండోవైపు వేలికి సన్నటి గరుకు తగులుతుంది. అది తగిలాకే బ్లేడు తిప్పాలి.

బ్లేడు పక్కలకు ఊగుతుంటే కీలు దగ్గరి స్క్రూను కొద్దికొద్దిగా బిగించండి. కీలులో కొబ్బరి నూనె మాత్రం వేయకండి, కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.