ఆ కబురు నాకు ముందు చెప్పలేదు

ప్రశ్న: మాది రాజమండ్రి. 16 ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయికి 12 ఏళ్ళు. స్నేహితురాలు వెళ్తోందని పట్టుబడితే పోయిన వేసవిలో మెయిన్ రాష్ట్రంలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న ఆడపిల్లల క్యాంపుకు మూడున్నర వారాలు పంపించాం. అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉత్తరాలే. రెండో వారంలో అమ్మాయి పెద్దమనిషి అయింది. ఆ సంగతి కేబిన్‌లో ఉండే కౌన్సెలర్‌కు, తోటి పిల్లలకు చెప్పింది కాని, ఇంటికి రాసిన మూడు ఉత్తరాల్లో ఒక్క మాట లేదు. ఉత్తరం రాగానే మావారు హాల్లో అందరికీ చదివి వినిపించేవారు, మేమంతా సంబరపడేవాళ్ళం. తిరిగి వచ్చాక బట్టలు ఉతుకుతూ నేను అడిగితే అప్పుడు చెప్పింది. ఆ రాత్రి పిల్లలంతా చుట్టూ కూర్చుని పాటలు పాడి, చేతికి దారాలతో అల్లిన పట్టీ కట్టారట. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన మా అత్తగారు, తిథి నక్షత్రం తెలియకుండా పోయాయని నన్నే తప్పుపడుతున్నారు. ఓణీల ఫంక్షన్ చేద్దామంటే అమ్మాయి 'నన్ను స్టేజీ మీద కూర్చోబెట్టొద్దు' అని తలుపు వేసుకుంది. ఆ దారం పట్టీని మాత్రం స్నానంలో కూడా తీయదు. వచ్చే వేసవికి ఏడు వారాలు వెళ్తానంటోంది, జనవరిలోగా డబ్బు కట్టాలి. మావారు సరేనంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. నా కూతురు నాకు పరాయిదైపోయిందా?

సమాధానం: క్యాంపు గురించి, ఫంక్షన్ గురించి, ఏడు వారాల గురించి మీరు వివరంగా రాశారు కాని, మిమ్మల్ని నిద్రపోనివ్వని బాధ వేరే ఉందని నాకు అనిపించింది. కూతురి జీవితంలో ఆ రోజు వచ్చినప్పుడు మొదట తన దగ్గరికే పరుగెత్తుకొస్తుందని ప్రతి తల్లీ మనసులో ఒక చోటు అట్టేపెట్టుకుంటుంది. ఆ చోట ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి కూర్చున్నట్టు మీకు అనిపించింది. ఈ బాధ న్యాయమైనది, దీన్ని చిన్నదిగా చూడమని నేను చెప్పను. అయితే ఇది మీ అమ్మాయి చేసిన తప్పు కాదు, మీరు చేసిన తప్పూ కాదు.

ఆమె ఎందుకు రాయలేదో మీ ఉత్తరమే చెబుతోంది. ఇలాంటి క్యాంపుల్లో మధ్యాహ్న భోజనం తరువాత ఒక గంట విశ్రాంతి ఉంటుంది, పిల్లలు మంచాల మీద పడుకుని ఇంటికి ఉత్తరాలు రాసేది ఆ గంటలోనే. పైమంచం మీద ఒకరు, పక్క మంచం మీద ఒకరు ఉండగా రాసే ఆ కాగితం, మూడు నాలుగు రోజులకు మీ హాల్లో తండ్రి గొంతుతో నాయనమ్మ ముందు వినిపిస్తుందని 12 ఏళ్ళ పిల్లకు తెలియదా? ఆమె మీ దగ్గర దాచలేదు, అందరూ వినే చోట చెప్పలేకపోయింది. మీరిద్దరే ఉండి బట్టలు ఉతుకుతున్న వేళ మీరు అడిగిన వెంటనే, అబద్ధం ఆడకుండా, దాటవేయకుండా చెప్పిందంటే ఆమెకు మీ మీద నమ్మకం చెక్కుచెదరలేదని నేను గట్టిగా అంటాను.

ఆ కౌన్సెలర్ అనే పిల్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ కౌన్సెలర్ అంటే మాలాంటి సలహాదారు కాదు, సాధారణంగా కాలేజీలో చదివే 19, 20 ఏళ్ళ అమ్మాయి. చాలామంది తాము చిన్నప్పుడు ఆ కేబిన్లలోనే పడుకుని పెరిగినవాళ్ళు. జ్వరమో దెబ్బో తగిలితే క్యాంపు నర్సు ఇంటికి ఫోన్ చేయడం మామూలే కాని, నెలసరి వంటి సంగతిని ఎప్పుడు, ఎలా చెప్పుకోవాలన్నది సాధారణంగా పిల్ల ఇష్టానికే వదిలేస్తారు. మీ అమ్మాయి కంగారుపడిన క్షణంలో ఒక పెద్దక్క దొరికింది. మన ఉమ్మడి ఇళ్ళలో ఈ పని ఎవరు చేసేవారో గుర్తు చేసుకోండి. నన్ను పశ్చిమ గోదావరిలోని మా ఊళ్ళో వసారాలో చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు, పేరంటాళ్ళు పాటలు పాడారు, మేనమామ చీర తెచ్చాడు. అవన్నీ సంతోషంగానే గుర్తున్నాయి. మంచినీళ్ళ బిందె ముట్టుకోవద్దని పక్కకు లాగిన చెయ్యి కూడా అంతే గట్టిగా గుర్తుంది. కాని నా భయం తీరింది వీటివల్ల కాదు, నాకన్నా రెండేళ్ళు పెద్దదైన మా పెదనాన్నగారి అమ్మాయి ఆ రాత్రి పక్కన పడుకుని చెవిలో చెప్పిన మాటలవల్ల. ముగ్గురే ఉండే మీ ఇంట్లో మీ అమ్మాయికి అలాంటి అక్క లేదు. అక్కడ దొరికింది.

ఈ క్యాంపుల్లో పిల్లలకు అంత మమకారం ఎందుకు పుడుతుందో తెలుసుకుంటే మీ భయం కొంత తగ్గుతుందని చెబుతున్నాను. ఆడపిల్లలకు ప్రత్యేకంగా క్యాంపులు పెట్టడం అమెరికాలో 120 ఏళ్ళ పైమాట. 1902లో లారా మాటూన్ న్యూహాంప్‌షైర్‌లో, 1907లో గ్యూలిక్ దంపతులు మీ అమ్మాయి వెళ్ళిన మెయిన్‌లోనే సెబాగో సరస్సు ఒడ్డున మొదలుపెట్టారు. ఆడపిల్లలు పడవ నడపడం, కొండలెక్కడం వింతగా తోచిన కాలంలో, ఊరి కళ్ళకు దూరంగా వాళ్ళకు వాళ్ళుగా ఉండనివ్వాలన్నది ఆ మొదలుపెట్టినవాళ్ళ ఆలోచన. పొద్దున్నే గంట మోగడం, జెండా ఎగరేయడం, ఎవరి కేబిన్ వాళ్ళే ఊడ్చుకోవడం, సాయంత్రం మంట చుట్టూ పాటలు, కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు ఒక పెద్దపిల్లను అక్కగా అప్పగించడం, చివరి వారంలో క్యాంపంతా రెండు రంగుల జట్లుగా విడిపోయి పోటీపడడం, ఆఖరి రాత్రి చెక్కముక్కల మీద కొవ్వొత్తులు నిలబెట్టి సరస్సులోకి వదలడం, ఇవన్నీ ఏడాదికేడాది పెద్దగా మారకుండా సాగుతాయి. ఈ ఏడు తనకు పట్టీ కట్టించుకున్న పిల్ల, రెండేళ్ళ తరువాత మరో పిల్లకు తానే కడుతుంది. ఆచారంలో తనకు చేసే పని ఉంటుంది కనుకనే అది ఆమెదైంది.

ఇప్పుడు మీరు తలపెట్టిన ఫంక్షన్‌ను ఆమె కళ్ళతో చూడండి. హాలు, స్టేజీ, ఫోటోగ్రాఫరు, తండ్రి ఆఫీసు వాళ్ళతో సహా అందరికీ తన శరీరంలో వచ్చిన మార్పును ప్రకటించే ఆహ్వానపత్రిక, మధ్యలో కదలకుండా కూర్చున్న తాను. మీ అమ్మాయి ఆచారాలను కాదనే పిల్ల అయితే ఆ దారం పట్టీని ఇంత భద్రంగా చూసుకోదు. ప్రదర్శన వద్దంటోంది, అంతే. ఒకప్పటి మన పద్ధతి, దాని అంటుముట్టు సంగతి పక్కన పెడితే, పదిమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని పాడుకున్న వేడుకే గాని స్టేజీ కార్యక్రమం కాదు.

ఆ క్యాంపుల వాళ్ళు కూడా తమ సంప్రదాయాలను కళ్ళుమూసుకుని మోయడం లేదు. పాత క్యాంపులు చాలావరకు అమెరికా ఆదివాసీల పేర్లు పెట్టుకుని, వాళ్ళవని చెప్పి కల్పించిన తంతులు నడిపేవి. అది ఆ జాతులను అవమానించడమేనని గ్రహించి చాలాచోట్ల ఆ పేర్లు, వేషాలు మానేసి, పాటలు, మంట, అక్కాచెల్లెళ్ళ పద్ధతి మాత్రం ఉంచుకున్నారు. మనం కూడా మేనమామ చీరను, చిమ్మిలిని ఉంచుకుని తక్కినవి వదలవచ్చు.

అందువల్ల ముందుగా ఫంక్షన్ మాట ఎత్తకుండా ఒక సాయంత్రం అమ్మాయితో ఒంటరిగా కూర్చుని, మీరు పెద్దమనిషి అయిన రోజు ఏం జరిగిందో, మీకు ఏం నచ్చిందో, ఏది సిగ్గుగా అనిపించిందో దాచకుండా చెప్పండి. ఆ తరువాత, తనకు ఇష్టమైతేనే ఆ పట్టీ ఎవరు అల్లారో, ఆ రాత్రి ఏం పాడారో చెప్పమని అడగండి. 'నాకెందుకు చెప్పలేదు' అన్న ప్రశ్న మాత్రం వద్దు. దానికి ఆమె దగ్గర ఉన్న సమాధానం ఏడుపొక్కటే. కొన్నాళ్ళు పోయాక, ఎవరిని పిలవాలో తానే నిర్ణయించే చిన్న వేడుక ఇంట్లోనే చేద్దామా అని అడిగి చూడండి. దగ్గర్లో ఉండే క్యాంపు స్నేహితురాళ్ళు ఇద్దరు వచ్చినా మంచిదే, వాళ్ళకూ చిమ్మిలి పెట్టండి. వద్దంటే ఆ మాట అంతటితో వదిలేయండి. ఫంక్షన్ చేసుకుంటేనే క్యాంపుకు పంపుతామన్న బేరం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. అప్పుడు రెండూ పాడవుతాయి.

మీ అత్తగారి విషయం మీవారు మాట్లాడాలి, మీరు కాదు. ఆమెది పట్టుదల కన్నా దిగులే ఎక్కువ. తిథి చూడకపోతే మనవరాలికి కీడు జరుగుతుందని నిజంగా నమ్ముతున్న పెద్దావిడ. అమ్మాయి తేదీ చెప్పడానికి ఇష్టపడితే పంచాంగం చూసుకుని శాంతి చేయించుకోనివ్వండి, నష్టం లేదు. ఆ పేరుతో పిల్లను మాటలనడం మాత్రం ఇంట్లో జరగకూడదని కొడుకే తల్లికి నెమ్మదిగా చెప్పాలి. ఇకమీదట వచ్చే ఉత్తరాల్లో అమ్మాయి మీ పేర విడిగా రాసినది మీరు ఒక్కరే చదువుతారని ఆమెకు మాట ఇవ్వండి.

పంపాలా వద్దా అంటే, పంపమనే అంటాను. కాని ఏడు వారాలు ఎక్కువని మీకు నిజంగా అనిపిస్తే, ఈసారి కూడా సగం సీజనుకే పంపుతామని సూటిగా చెప్పవచ్చు, తల్లికి ఆ హక్కు ఉంది. నిర్ణయం మాత్రం మీ అలకలోంచి రాకూడదు. భద్రత గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు, నిజంగా ఆలోచించవలసింది అక్కడే. 2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లో గ్వాడలూప్ నది పొంగినప్పుడు, దాదాపు నూరేళ్ళ చరిత్ర ఉన్న ఒక బాలికల క్యాంపులో పిల్లలు, వారిని చూసుకునే యువతులు కలిపి 27 మంది ప్రాణాలు పోయాయి. పాత క్యాంపు, మంచి పేరున్న క్యాంపు అన్నంత మాత్రాన సరిపోదని ఆ తల్లిదండ్రుల కడుపుకోత చూసిన మనం మరిచిపోకూడదు. డబ్బు కట్టే ముందు క్యాంపు డైరెక్టరుతో మాట్లాడి, కేబిన్లు నీటికి ఎంత ఎత్తులో ఉన్నాయో, రాత్రివేళ తుపాను హెచ్చరిక వస్తే పిల్లలను ఎవరు ఎక్కడికి తరలిస్తారో, ఆ సాధన ఎప్పుడు చేయిస్తారో అడగండి. ఈతకు దిగే ముందు పిల్లలను ఇద్దరిద్దరుగా జత చేసి, నీళ్ళలో ఎవరున్నారో తెలిసేలా ఎవరి పేరు బిళ్ళ వాళ్ళు బోర్డుకు తగిలించే పద్ధతి ఉందా, సిబ్బంది నేరచరిత్ర విచారిస్తారా, పెద్దవాళ్ళెవరూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా, అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందా అన్నవి కూడా తెలుసుకోండి. అడిగితే విసుక్కునే క్యాంపుకు పంపవద్దు.

జనవరికి ఇంకా వ్యవధి ఉంది, ఈలోగా కార్తీకం వస్తుంది. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున గోదావరిలో అరటి దొప్పల మీద దీపాలు వదలడం రాజమండ్రి మనిషికి నేను చెప్పనవసరం లేదు. ఆ ఉదయం పెరట్లో ఒక వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం వదిలే పని అమ్మాయికి ఇచ్చి, మెయిన్‌లో ఆఖరి రాత్రి సరస్సులోకి వదిలిన కొవ్వొత్తి ఎంత దూరం పోయిందో అడగండి. అప్పుడు మీ అత్తగారిని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి.