ఈసీ క్లీన్‌గానే ఉంది, మరి 1983కి ముందు ఆ స్థలం ఎవరిది?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. విజయనగరంలో గంటస్తంభం దగ్గరి సందులో 150 గజాల పాత పెంకుటిల్లు 54 లక్షలకు బేరం కుదిరింది. చేతిలో 28 లక్షలు ఉన్నాయి, మా అబ్బాయి, నేను కలిసి 30 లక్షలు లోను తీసుకుంటాం. అమ్మే ఆయనకు వాళ్ల నాన్నగారు 1991లో సెటిల్‌మెంట్ (ఇంట్లోవాళ్లకు ఆస్తి ఇచ్చేసే దస్తావేజు) రాసిచ్చారు. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) అది తప్ప ఇంకేమీ లేదు. ఆయనకు ఒక అన్నయ్య, ఒక అక్క ఉన్నారు. పది రోజుల్లో 5 లక్షలు అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటున్నారు. పాత కాగితాల కోసం తిరగడం అవసరమా, ఈసీ చాలదా?

జవాబు: మాస్టారూ, ఆ 5 లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. ఉద్యోగమంతా చేసి దాచుకున్న డబ్బు తీసుకెళ్లి 1991 నాటి ఒక్క కాగితం మీద పెడుతున్నారు, ఆ కాగితం నిలబడుతుందా లేదా అన్నది అంతకు ముందు ఆ స్థలం వాళ్ల నాన్నగారికి ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు చూడని భాగం సరిగ్గా అదే.

ఆన్‌లైన్‌లో తీసే ఈసీ 1983 నుంచే మొదలవుతుంది. అంతకు ముందు రిజిస్టరైనవి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. పైగా ఈసీ అంటే రిజిస్టరైన లావాదేవీల చిట్టా మాత్రమే, కాబట్టి రిజిస్టర్ చేయించని వీలునామా, పెద్దమనుషులు కూర్చుని రాసిన పంపకాల చీటీ, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండకపోవచ్చు. ఇంటి పన్ను రసీదు చూపించి ధైర్యం చెబుతారు, అది పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది గానీ హక్కు ఎవరిదో చెప్పదు.

ముందు ఆ 1991 సెటిల్‌మెంట్ నకలు తీయించి, స్థలం తండ్రికి ఎలా సంక్రమించిందో రాసిన వాక్యం దగ్గర ఆగి చదవండి. ఫలానా సంవత్సరంలో, ఫలానా నంబరు దస్తావేజుతో నా స్వార్జితంతో కొనుక్కున్నాను అని ఉంటే చాలావరకు నయం, ఆ పాత దస్తావేజు నకలు కూడా తీయించి సరిపోల్చుకుంటే ఆయన ఇష్టం వచ్చిన బిడ్డకు ఇచ్చుకునే హక్కు ఉన్నట్టే. అలా కాకుండా "నాకు పిత్రార్జితంగా సంక్రమించి నా స్వాధీనానుభవంలో ఉన్న" అని మాత్రమే ఉంటే అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది, ఎందుకంటే పిత్రార్జితాన్ని మొత్తంగా ఒక్క కొడుక్కి రాసిచ్చే హక్కు తండ్రికి ఉండదు, అన్నయ్య రేపు వాటా అడగొచ్చు. అక్క సంగతి కూడా అడగండి. ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చిన 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన బదిలీలను కదపదు కాబట్టి ఆడపిల్లకు సంబంధం లేదని మీకు చెప్పొచ్చు, అది సగం మాటే. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. అంటే ఆమె పెళ్లి ఏ సంవత్సరంలో అయిందన్నది మీ 54 లక్షలకు సంబంధించిన ప్రశ్న.

అక్కణ్నించి వెనక్కి వెళ్లడం ఓపిక పని, కానీ రహస్యమేమీ కాదు, స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. పాత ఊళ్లో డోరు నంబర్లు మారిపోయి ఉంటాయి, వాటిని పట్టుకుని వెతికితే దొరకదు, పేరుతో వెతకాలి. పేర్లతోనూ చిక్కే, మన వైపు పైడిరాజులు, అప్పలస్వాములు వీధికి నలుగురు, తాత పేరే మనవడికి పెడతాం, కాబట్టి ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ కలిస్తేనే ఆ మనిషి అనుకోండి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, అంతకు ముందు కాగితాల్లో ఈ ఊరు విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, అది చూసి వేరే ఆస్తి అనుకుని పక్కన పెట్టేయకండి.

మీ స్థలం దస్తావేజు ఎంతకీ దొరక్కపోతే పక్కిళ్ల దస్తావేజులు తీయించండి. నేనైతే దీన్ని తప్పక చేయమంటాను. పక్కింటివాళ్లు 1950ల్లోనో 60ల్లోనో కొనుక్కుని ఉంటే వాళ్ల హద్దుల్లో మీ స్థలం వైపు అప్పటి యజమాని పేరు రాసి ఉంటుంది. అక్కడ అమ్మే ఆయన తాతగారి పేరుంటే పిత్రార్జితమని అనుమానించాలి, బయటివాళ్ల పేరుంటే వాళ్ల దగ్గర తండ్రి కొన్న దస్తావేజు కోసం వెతకాలి, సత్రం పేరో దేవస్థానం పేరో ఉంటే మాత్రం లాయరుతో మాట్లాడేదాకా అడుగు ముందుకు వేయకండి. సంస్థానం ఊరు కదా, ఇల్లు ఒకరిది, నేల ఇంకొకరిది అయ్యే ప్రమాదం ఉంటుంది, అందుకే పాత దస్తావేజులో అమ్మింది ఇల్లొక్కటేనా, స్థలంతో సహానా అన్నది చూడాలి. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా, మున్సిపాలిటీలో టౌన్ సర్వే నంబరు కూడా చూసుకోండి.

ఇక లెక్క. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం, 54 లక్షల మీద 4 లక్షల 5 వేలు. మొత్తం 58 లక్షల 5 వేలు, మీ దగ్గర ఉన్నదీ లోనూ కలిపితే 58 లక్షలు. పెంకులు మార్చడానికి కాదు కదా, ఆస్పత్రి ఖర్చు వస్తే కూడా చేతిలో రూపాయి ఉండదు, దావా పడితే అమ్ముకోవడానికీ కుదరదు. అందుకని కనీసం 6 లక్షలు పక్కన పెట్టుకున్నాకే ఏ ధరకైనా కొనండి, అంటే బేరం ఇంకా తగ్గాలి, లేదా ఇంకా చిన్న స్థలం చూసుకోవాలి. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే మినహాయించి కట్టాలి, అది అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచే.

బ్యాంకు లాయరు చూస్తాడులే అని వదిలేయకండి, ఆయన బ్యాంకు కోసం చూస్తాడు. మీకంటూ ఒక సివిల్ లాయరును పెట్టుకోండి, ఆ ఫీజు, నకళ్ల ఖర్చు కలిపినా మీరివ్వబోయే అడ్వాన్సులో చిన్న ముక్కే. అన్నయ్య, అక్క సాక్షి సంతకం పెడతారని మధ్యవర్తి అంటే ఒప్పుకోకండి, సాక్షి సంతకంతో వాటా వదులుకున్నట్టు కాదు, ఇద్దరూ అమ్మేవాళ్లుగానే దస్తావేజులో చేరాలి, లేదా ముందుగా రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ఇవ్వాలి. దీనికి సరేనంటే అప్పుడు లక్ష ఇవ్వండి, బ్యాంకు ద్వారానే, లాయరు హక్కు సరిగా లేదంటే 15 రోజుల్లో తిరిగి ఇస్తామని అగ్రిమెంటులో రాయించుకుని.