ఫ్నోమ్ పెన్ వెళ్తున్న మా అమ్మలుకి

చి. అమ్మలుకి అత్త ఆశీస్సులు.

కంబోడియాలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెల్లో రాయి పడింది. 2024లో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి మర్చిపోయావా? డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళిన పిల్లల చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు. నీ స్కూలు ఎక్కడుందో, వీసా ఏ రకమో ముందు నాకు పంపు. ఏజెంటుకి పైసా ఇవ్వకు. పాస్‌పోర్టు ఎవరడిగినా చేతిలో పెట్టకు.

భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు పెట్టుకో. ముద్దొచ్చినా పిల్లల తల నిమరకు, అక్కడ అది తప్పు. నిన్ను 'నెక్ క్రూ' అని పిలుస్తారు. ఆ క్రూ మన గురువే.

ఇక అసలు సంగతి. మొదటి వారమే 'గెట్' చెప్పాలని అర్థాలన్నీ ఒక చార్టు మీద రాసుకున్నావట. దాన్ని చుట్టి అటక మీద పెట్టు తల్లీ. కంబోడియాలో నేను పనిచేసిన బడిలో నాకు ముందున్న మాస్టారు, చాలా మంచాయన, పిల్లలకి సులువవుతుందని 'గెట్ అంటే బాన్' అని చెప్పేశారు. అందులో సగం నిజం ఉంది. వాళ్ళ భాష ఖ్మేర్‌లో బాన్ అంటే దొరకడం, పొందడం. కానీ ఆ మాట అక్కడితో ఆగదు. క్రియకి ముందొస్తే పని అయిపోయిందని: 'ఖ్ఞోమ్ బాన్ ఞామ్ బాయ్', నేను అన్నం తిన్నాను. వెనకొస్తే చేతనవడం: 'ఞామ్ మిన్ బాన్', తినలేను. మనకి తింటాను, తిన్నాను అని క్రియ మారినట్టు వాళ్ళకి మారదు. అందుకే బాన్‌కి అంత పని.

మరి పిల్లలేం రాస్తారు? 'ఐ గెట్ ఈట్ రైస్.' 'ఐ గెట్ గో మార్కెట్.' తరగతి నా చేతికి వచ్చేసరికి అది ముదిరిపోయింది. ఒక పిల్ల నా ఎర్రసిరా గీతలు చూసి, కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దింది. 'మాస్టారు చెప్పినట్టే రాశాను కదా నెక్ క్రూ' అంది. ఏం చెప్పను? వాళ్ళ భాష ప్రకారం ఆ పిల్ల రాసింది అక్షరాలా ఒప్పే. ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పట్టింది. ఆ పిల్ల మొహం గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అందుకని ఒక మాటకి ఒక మాట ఎప్పుడూ ఇవ్వకు. వాక్యం ఇవ్వు, సందర్భం ఇవ్వు. గెట్‌కున్న అర్థాల్లో ఇంటికి చేరడం ('గెట్ హోమ్') ఒకరోజు, వాళ్ళకది 'డల్'. బజార్లో కొనడం ఇంకోరోజు, అది 'తిఞ్'. అర్థమవడం మరోరోజు, అది 'యొల్'. మొదటి రోజుది నోటికి రాకుండా రెండోది ముట్టుకోకు. కోపం రావడం, అదే 'గెట్ యాంగ్రీ' దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఖ్మేర్‌లో 'ఖెంగ్' అంటే చాలు, పక్కన ఇంకో మాట అక్కర్లేదు. అందుకే పిల్లలు గెట్ మింగేసి 'ఐ యాంగ్రీ' అంటారు. విసుక్కోకు. నీకు విసుగెక్కువ, చిన్నప్పుడు తమ్ముడికి ఎక్కాలు చెబుతూ పలక విసిరేశావు.

పిల్లలు బిక్కమొహం వేసిన రోజున 'క్యారీ' తియ్యి. ఇంగ్లీషుకి ఆ ఒక్క మాటే. వాళ్ళకి నెత్తిన మోస్తే 'తూల్', భుజాన మోస్తే 'లీ', కావడితో మోస్తే 'రెక్', చంటిపిల్లని ఎత్తుకుంటే ఇంకోటి. వాళ్ళనే లేచొచ్చి చేసి చూపించమను. ఇంగ్లీషు తమ భాష ముందు తడబడిన చోటు ఒకటి కనిపిస్తే, ఆ పూట ఎంత ధైర్యంగా మాట్లాడతారో నువ్వే చూస్తావు.

టికెట్ తీసేలోపు అపాయింట్‌మెంట్ లెటర్ పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు.

మీ అత్త