ముసలి కుందేలు ట్రే ఎక్కలేకపోతే

మీ తొమ్మిదేళ్ల కుందేలు ట్రే బయటే మూత్రం పోస్తోందనీ, వెనక భాగం ఎప్పుడూ తడిగా ఉంటోందనీ రాశారు. అది మొండితనం కాదండీ, ఆ వయసులో చాలావరకు కీళ్ల నొప్పే. మా దానికీ ఇలాగే అయింది. ట్రే అంచును ఒకవైపు రెండు వేళ్ల ఎత్తే మిగిలేలా కోసి, గరుకు లేకుండా రుద్దాను. వారంలో మళ్లీ లోపలికే వెళ్లింది, అదీ నేనేదో తప్పు చేసినట్టు చూస్తూ! నున్నటి నేల మీద కాళ్లు జారతాయి, దళసరి దుప్పటి పరవండి. తడిసిన బొచ్చును గోరువెచ్చని గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి, స్నానం మాత్రం వద్దు. నొప్పి మందు డాక్టరే రాయాలి, మన మాత్రలు వేయకండి. మూత్రంలో ఇసుకలాంటిది ఉందేమో, పళ్లు పెరిగాయేమో కూడా చూడమనండి. పది పన్నెండు గంటలు గడ్డి ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.