తాతయ్య వెనకున్న ఆ ఇంజన్ ఏది?

ఈసారి ఉత్తరాల్లో పాత రైలు ఫొటోల గురించి అడిగినవే ఎక్కువ ఉన్నాయి, అందుకే శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా తాతయ్య బెజవాడ లోకో షెడ్డులో, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మాన్‌గా చేశారు. బొగ్గు ఇంజన్ పక్కన నిలబడి దిగిన ఫొటో ఒక్కటే మిగిలింది. ఇంజన్ ముక్కు బుల్లెట్‌లా గుండ్రంగా ఉంది, దాని మీద నక్షత్రం ఉంది. వెనక బొగ్గు, నీళ్లు ఉండే టెండర్ మీద ఎస్.ఆర్. అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. తాతయ్య 1938లో ఉద్యోగంలో చేరారు, ఇది ఆ ఏడాది ఫొటోనే అని మా పెదనాన్న గట్టిగా చెబుతారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కాదమ్మా. పెదనాన్నగారికి మెల్లగా చెప్పండి. నక్షత్రం ఉన్న ఆ బుల్లెట్ ముక్కు మన దేశంలో డబ్ల్యూపీ ఇంజన్‌కే ఉండేది, మెయిళ్లనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగిన బ్రాడ్‌గేజి, అంటే వెడల్పు పట్టాల ఇంజన్ అది. వాటిలో మొదటి 16 ఇంజన్లు అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి 1947లో వచ్చాయి, అంతకుముందు ఫొటోలో అది ఉండే అవకాశమే లేదు. ఇక ఎస్.ఆర్. అంటే సదరన్ రైల్వే. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేను మరో రెండు రైల్వేలతో కలిపి 1951 ఏప్రిల్ 14న దాన్ని ఏర్పాటు చేశారు. అంటే తాతయ్య చేరిన పదమూడేళ్లకు గానీ ఆ అక్షరాలే పుట్టలేదు. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చి విజయవాడ డివిజన్ అందులోకి వెళ్లింది. కొత్త జోన్ వచ్చినా ఇంజన్ మీద పాత పెయింట్ కొన్నాళ్లు ఉండిపోవచ్చు కాబట్టి, 1951 నుంచి 1966 దాకా, లేదా ఆ తర్వాత కొద్ది కాలం అనుకోండి. ఫొటోలో ఆయన ముఖం చూడండి, ఇరవై ఏళ్ల కుర్రాడిలా ఉన్నారా, ముప్పై దాటిన మనిషిలా ఉన్నారా? ఆ ఒక్క ప్రశ్నతో పెదనాన్నగారే ఒప్పుకోవచ్చు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఇంజన్‌ని బట్టి కాలం తెలుస్తుంది గానీ ఊరు తెలియదు, ఎందుకంటే ఇంజన్ తిరిగేది, పొద్దున ఒక ఊళ్లో ఉంటే సాయంత్రానికి ఇంకో ఊళ్లో ఉంటుంది. ఫొటో తీసింది బెజవాడలోనే అని చెప్పాలంటే తాతయ్యను కాసేపు వదిలేసి అంచుల్లో చూడండి, నీళ్ల ట్యాంకు, సిగ్నల్ స్తంభం, షెడ్డు కప్పు, వెనక కొండ. భవనాలు పడగొడతారు, కొండల గీత మాత్రం అలాగే ఉంటుంది. వెనక కొండ కనిపిస్తుంటే దాని అంచును ట్రేసింగ్ కాగితం మీద గీసుకుని స్టేషన్ చుట్టుపక్కల నాలుగు చోట్ల నిలబడి పోల్చండి, ఒక్క ఆదివారం చాలు. స్టేషన్ బోర్డు సగమే కనిపించి పేరు తెగిపోయినా బెంగపడొద్దు, పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది, ఆ అంకె దొరికితే ఊరిని పట్టుకోవచ్చు.

ప్రశ్న: నాన్నగారి ఆల్బంలో కొండల మధ్య చాలా ఎత్తైన బ్రిడ్జి మీద ఆగిన రైలు ఫొటో ఉంది. ఇంట్లో అందరూ అరకు అంటున్నారు. నాన్నగారు పనిచేసింది మాత్రం గిద్దలూరులో.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు ఇంజన్ ముఖం చూడండి. అడ్డదూలానికి రెండు వైపులా, కుదుపు ఆపే గుండ్రటి బఫర్లు ఉంటే బ్రాడ్‌గేజి, మధ్యలో ఒక్కటే ఉంటే మీటర్‌గేజి, అంటే మీటరు వెడల్పు పట్టాలది. మీరు పంపిన కాపీని భూతద్దంతో చూశాను, మధ్యలో ఒక్కటే ఉంది. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో వేసిన బ్రాడ్‌గేజి, కాబట్టి అరకు కాదు. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్లే లైను అప్పట్లో మీటర్‌గేజి. నల్లమలలో గిద్దలూరుకూ నంద్యాలకూ మధ్య దొరబావి దగ్గర అలాంటి ఎత్తైన వంతెన ఉండేది. బ్రాడ్‌గేజి చేసినప్పుడు దారి మార్చి ఆ పాత మార్గాన్ని వదిలేశారు. నాన్నగారి ఉద్యోగం కూడా అటే చూపిస్తోంది, నా మొగ్గు దొరబావికే. అయినా ఆ లైనులో బొగ్గు బండి ఎక్కిన పెద్దవాళ్లు గిద్దలూరులో ఉంటారు, ఫొటో తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టండి. ఊరి పేరు మీరు ముందే అనకండి, అంటే వాళ్లూ అవుననేస్తారు.

ప్రశ్న: గోదావరి బ్రిడ్జి మీద పొగ కక్కుతూ వెళ్తున్న రైలు ఫొటో. ఏ సంవత్సరమో తెలుస్తుందా?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: సంవత్సరం చెప్పలేం, హద్దులు చెప్పొచ్చు. 56 స్పాన్ల పాత హేవలాక్ బ్రిడ్జి మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయి. పైన రోడ్డు, కింద రైలు ఉన్న బ్రిడ్జి 1974లో వచ్చింది. మీ ఫొటోలో అది కూడా పూర్తయి కనిపిస్తే 1974 తర్వాతిదే.

ప్రశ్న: నంబరు మసకగా ఉంటే మా మనవడు ఫోన్ యాప్‌లో వేసి స్పష్టంగా చేశాడు. 7తో మొదలయ్యే నాలుగంకెలు చక్కగా వచ్చాయి. ముక్కు చదునుగా ఉన్న బ్రాడ్‌గేజి గూడ్స్ ఇంజన్, పక్కనుంచి చూస్తే నాలుగు పెద్ద చక్రాలు, ముందొక చిన్న చక్రం, వెనకొక చిన్న చక్రం.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చక్రాలు లెక్కపెట్టి రాసినందుకు చాలా సంతోషం, అందరూ అలాగే రాయాలని నా కోరిక. మీరు చెప్పినదాన్ని బట్టి అది డబ్ల్యూజీ అనే గూడ్స్ ఇంజన్ కావచ్చు. కానీ డబ్ల్యూజీల నాలుగంకెల నంబర్లు ఎక్కువగా 8తోనో 9తోనో మొదలవుతాయి, 7తో మొదలయ్యేవి డబ్ల్యూపీలవి. మీ యాప్ నంబరు చదవలేదు, కల్పించినట్టుంది. ఈ యాప్‌లు మసకను పోగొట్టడానికి లేని గీతలు గీస్తాయి, ముఖాలనూ అలాగే మారుస్తాయి, తాతల ఫొటోలు ఇలా పాడవుతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. అసలు ప్రింటును స్కానర్ మీద 600 డీపీఐలో, అంచులు కత్తిరించకుండా, వెనక వైపు కూడా స్కాన్ చేయించండి, స్టూడియో ముద్రో పెన్సిల్ రాతో అక్కడే ఉంటుంది. ఒకవేళ అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తే నెగటివ్‌ను వెనక్కి తిప్పి పెట్టి ప్రింటు వేశారన్నమాట, అక్షరాలే లేకపోతే మనుషుల చొక్కా జేబు ఏ వైపు ఉందో చూడండి. స్కాన్ వచ్చాక నాకు పంపండి, వెలుతురు మార్చి మార్చి చూస్తే ఆ మొదటి అంకె 8 అవునో కాదో తేలుతుంది.