స్పానిష్‌లో ఏ దేశస్థులమో చెప్పుకునే తీరు గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయానికి పంపదలచిన నీ పరిచయ లేఖను చదివాను. వాక్యాలు చక్కగా కుదిరాయి కానీ, దేశస్థులను తెలిపే మాటల దగ్గర ఇంగ్లీషు అలవాటు నీ చేయి పట్టుకుని నడిపించింది. లేఖ పంపేలోగా వాటిని సరిదిద్దుకోవాలని నా కోరిక.

స్పానిష్‌లో దేశం పేరుకు మాత్రమే పెద్ద అక్షరం పెడతారు; ఆ దేశస్థులకూ, వారి భాషకూ చిన్న అక్షరమే. నీకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ‘ఇందియా’ అన్న మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడితే దేశమనీ, చిన్న అక్షరంతో మొదలుపెడితే భారతీయురాలనీ అర్థం. ‘సోయ్’ అంటే ‘నేను (ఫలానా)’ అని కదా, నువ్వు ‘సోయ్ ఇందియా’ అని పెద్ద అక్షరంతో రాయడం వల్ల నువ్వే ఒక దేశమని చెప్పుకున్నట్టయింది.

భారతీయుడు, భారతీయురాలు, భారతీయులు అని లింగవచనాలను బట్టి మార్చుకునే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. అయితే అక్కడ విశేషణం కూడా మారుతుంది, పైగా వస్తువుల పేర్లకూ లింగం ఉంటుంది కనుక, భోజనమనే ‘కొమీదా’ స్త్రీలింగం కాబట్టి ‘కొమీదా మెహికానా’ అనాలి, జున్ను లాంటి ‘కేసో’ పుంలింగం కాబట్టి ‘కేసో మెహికానో’ అనాలి. ‘ఫ్రాన్సేస్’ (ఫ్రాన్స్ దేశస్థుడు), ‘అలెమాన్’ (జర్మనీ దేశస్థుడు) వంటి హల్లంత పదాలకు స్త్రీలింగంలో ‘ఆ’ చేరి ‘ఫ్రాన్సేసా’, ‘అలెమానా’ అవుతాయి. ఇలా మారినప్పుడు పాత మాటలోని అచ్చు మీద, ఊనికను అంటే నొక్కి పలకడాన్ని చూపే గీత తీసివేయాలి. మాట అచ్చుతో ముగిసినప్పుడు ఊనిక తనంతట తానే చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది కనుక దానిని గీతతో చూపనక్కరలేదు. నీ లేఖలో ‘ఫ్రాన్సేసా’ మీద ఆ గీత అలాగే నిలిచిపోయింది, గమనించు. ‘ఎస్తాదోఉనిదెన్సె’ (అమెరికా సంయుక్త రాష్ట్రాల వారు), ‘ఇరానీ’ (ఇరాన్ వారు), ‘బెల్గా’ (బెల్జియం వారు) వంటివి మాత్రం స్త్రీపురుషులిద్దరికీ ఒకటే.

‘నేను స్పెయిన్ దేశస్థురాలిని’ అనడానికి ‘సోయ్ ఎస్పాన్యోలా’ అంటే చాలు, ముందు ‘ఒక’ అనే ‘ఉనా’ (పుంలింగంలో ‘ఉన్’) పెట్టకూడదు. వర్ణన ఏదైనా తోడైతేనే అది వస్తుంది; ‘ఎస్ ఉన్ మెహికానో ముయ్ అమాబ్లె’ అంటే అతను చాలా మర్యాదస్థుడైన మెక్సికో దేశస్థుడని.

ఇక నిన్ను నువ్వు చెప్పుకునే మాట. ‘ఇందియా’ వ్యాకరణరీత్యా సరైనదే, స్పెయిన్‌లో ఇబ్బంది లేదు. లాటిన్ అమెరికాలో ‘ఇందియో’ అంటే అక్కడి ఆదివాసులే ముందు స్ఫురిస్తారు, అనే తీరును బట్టి అది కించపరిచే మాట కూడా కావచ్చు. ఆ తికమక రాకుండా చాలామంది భారతీయులందరినీ ‘ఇందూ’ అంటారు. అయితే ఆ మాటకు హిందూ మతస్థులన్న అర్థం కూడా ఉంది కనుక మన దేశపు ముస్లింలనో, క్రైస్తవులనో అలా పిలవడం నాకు సమ్మతం కాదు. నువ్వు ‘సోయ్ దె లా ఇందియా’ (నేను భారతదేశం నుంచి వచ్చినదాన్ని) అని రాయి, ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

అలాగే అమెరికా సంయుక్త రాష్ట్రాల వారిని ‘అమెరికానో’ అని రాశావు. మెక్సికో నుంచి చిలీ వరకు ఉన్నవారందరూ తామూ అమెరికా ఖండం వారమే అనుకుంటారు, అందులో న్యాయముంది. అక్కడ ‘ఎస్తాదోఉనిదెన్సె’ అని మార్చి, లేఖను మరొకసారి నాకు పంపు.